లెక్కలోకి రాని పిల్లలు

(హనుమకొండలో డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. ఇంత ఎండలో వచ్చి కూర్చున్న పిల్లలకు, పెద్దలకు కృతజ్ఞతలు.

ఈ రోజు పాతకాలం వాళ్ళ ఆయుష్షు గురించి మాట్లాడతాను. దాని మీద మన దగ్గర రెండు మాటలు తిరుగుతుంటాయి. ఒకటి పుస్తకాల్లోంచి, ఫోన్లలోంచి వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన సగటు ఆయుష్షు 32 ఏళ్ళే కాబట్టి ముప్ఫై దాటితే ముసలివాళ్ళ కిందే లెక్క, అందుకే పన్నెండేళ్ళకే పెద్దవాళ్ళ కింద లెక్కకట్టి పెళ్ళిళ్ళు చేసేవాళ్ళు అంటారు. రెండోది అరుగుల మీద వినపడేది. "మా తాతలు గటక తిని, అంబలి తాగి నూరేళ్ళు బతికిండ్రు, మనం మందుల తిండి తిని యాభైకే పోతున్నం" అంటారు. పొద్దున ఒకటి, సాయంత్రం ఇంకొకటి ఒకే మనిషి నోట విన్న సందర్భాలు కూడా ఉన్నాయి. పైకి ఈ రెండూ ఎదురెదురు మాటలే. కానీ రెండింట్లోనూ కొంతమంది మనుషులు లెక్కలోకి రాకుండా పోయారు. వాళ్ళ గురించే నా తపన అంతా.

ముందు ఆ 32 సంగతి చూద్దాం. అంకె నిజమే, జనాభా లెక్కల ఆధారంగా కట్టినదే. 1911–21 దశకానికైతే అది ఇరవై ఏళ్ళ దగ్గరే ఉంది. దాన్ని మనం చదివే తీరులోనే పొరపాటు జరుగుతోంది.

ఒక ఊర్లో పదిమంది పిల్లలు పుట్టారనుకోండి. నలుగురు ఏడాది నిండేసరికి పోయారు. మిగిలిన ఆరుగురూ అరవై ఏళ్ళు బతికారు. అందరి ఏళ్ళూ కూడితే 364. పదితో భాగించండి, 36 చిల్లర వస్తుంది. ఆ ఊరి సగటు ఆయుష్షు 36 ఏళ్ళు అని రాస్తాం. నిజానికి ఆ ఊర్లో ముప్ఫై ఆరో ఏట పోయినవాళ్ళు ఒక్కరూ లేరు. ముప్ఫై ఆరేళ్ళ మనిషి అక్కడ నాగలి పట్టి దున్నుతున్నాడు, బిడ్డ పెళ్ళికి అప్పు కోసం తిరుగుతున్నాడు. ఆయన్ను ఎవరూ ముసలాయన అనరు.

నేను చెప్పింది తేలిక కోసం తీసుకున్న ఉదాహరణ. అసలు లెక్కలు ఇంకా ఆశ్చర్యంగా ఉంటాయి. మన దేశంలో 1941–50 నాటి ఆయుష్షు పట్టికలో అప్పుడే పుట్టిన మగబిడ్డకు 32 ఏళ్ళ ఆయుష్షు రాశారు. పదేళ్ళు నిండిన పిల్లవాడికి ఎంత రాశారో తెలుసా? ఇంకా దాదాపు 39 ఏళ్ళు. పదేళ్ళు బతికేసిన తర్వాత ముందున్న ఆయుష్షు తగ్గకపోగా పెరిగింది! మొదటి ఐదేళ్ళు ఎంత పెద్ద గండమో ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే తెలుస్తుంది. ఇరవై నిండినవాడికి ఇంకా 33 ఏళ్ళు, అంటే యాభై దాటేదాకా. ఇంగ్లండులో 1841 లెక్కల్లోనూ ఇలాంటి తీరే కనిపిస్తుంది. అక్కడ పుట్టిన బిడ్డకు నలభై చిల్లర, ఇరవై నిండినవాళ్ళకు ఇంకో నలభై.

మన పక్కనే ఉన్న మనుషులను చూడండి. మడికొండలో పెరిగిన కాళోజీ నారాయణరావు గారు పుట్టింది 1914 సెప్టెంబర్ 9న. ఆయుష్షు ఇరవై అని లెక్క తేలిన దశకం అదే. ఆయన 2002 దాకా, 88 ఏళ్ళు మన మధ్య ఉన్నారు. వాంకిడిలో 1915లో పుట్టిన కొండా లక్ష్మణ్ బాపూజీ గారు 2012లో, మరో ఆరు రోజులైతే 97 నిండుతాయనగా కన్నుమూశారు. ఇంకా వెనక్కి పోతే మన ఓరుగల్లు కోట నుంచి ఏలిన గణపతిదేవుడు ఉన్నాడు. 1199 నుంచి 1262 దాకా, అరవై మూడేళ్ళు రాజ్యం చేశాడు. వయసు కాదు, ఏలుబడే అరవై మూడేళ్ళు! అరవై నిండితే షష్టిపూర్తి, వెయ్యి పున్నములు చూస్తే సహస్ర చంద్రదర్శనం అని వేడుకలు పెట్టుకున్న సమాజం మనది. ఆ వయసుకు చేరేవాళ్ళు కళ్ళముందు కనపడకపోతే ఆ వేడుకలు పుట్టేవే కావు.

ఈ పేర్లు చెప్పగానే అరుగు మీది పెద్దమనిషికి సంతోషం వేస్తుంది. "చూసినవా, నేను చెప్పలే?" అంటాడు. అక్కడే నేను ఆగమంటాను. మనకు కనపడేది బతికి ముసలివాళ్ళైన వాళ్ళే. తాత మన కళ్ళముందు ఉన్నాడు కాబట్టి తాత తిన్న గటకకు పేరొచ్చింది. అదే గటక తిన్న ఇంట్లో, అదే తల్లి పాలు తాగి రెండేళ్ళకే పోయిన తాత తమ్ముడి గురించి చెప్పడానికి ఎవరూ మిగల్లేదు.

మా బాపమ్మను చిన్నప్పుడు అడిగాను, నీకెంతమంది పిల్లలు అని. "నలుగురు" అంది. ఎన్ని కాన్పులు అని అడగాలని చాలా ఏళ్ళ దాకా నాకు తట్టలేదు. పెద్దయ్యాక అడిగితే వేళ్ళ మీద లెక్కపెడుతూ తొమ్మిది దాకా పోయింది. నలుగురు దక్కారు. ఒకడు పురిట్లోనే, ఒక బిడ్డ తల్లి పోసినప్పుడు, అంటే మశూచితో, ఇద్దరు ఒకే వానాకాలంలో వాంతులు విరేచనాలతో. తొమ్మిదో ఆమెకు ఏమైందో బాపమ్మకే తెలియదు, రాత్రి పడుకోబెట్టింది, తెల్లారి లేవలేదు. పేర్లు అడిగితే ముగ్గురివే చెప్పింది. మిగతా ఇద్దరికి ఇంకా పేరు పెట్టలేదట. ఏడవలేదు. బియ్యంలో రాళ్ళు ఏరుతూనే చెప్పింది. ఆ ఐదుగురి పేర్లు మా ఇంట్లో ఏ కాగితం మీదా లేవు.

మీ ఊళ్ళలో పెంటయ్యలు, పెంటమ్మలు, పుల్లయ్యలు ఉన్నారు కదా. ఇప్పుడు ఆ పేర్లంటే పిల్లలకు నామోషీ. ముందు పుట్టినవాళ్ళు వరసగా పోతుంటే, ఈసారి పుట్టిన బిడ్డనైనా దక్కించుకోవాలని పెంటకుప్ప మీద పడుకోబెట్టి తీసుకునేవాళ్ళు, లేదా ఎంగిలి విస్తరాకులో దొర్లించేవాళ్ళు. మృత్యువుకు ఈ బిడ్డ మీద కన్ను పడకూడదని ఆ పేరు పెట్టేవాళ్ళు. ఒక్కో పెంటయ్య వెనుక ఇద్దరో ముగ్గురో అన్నలు, అక్కలు మట్టిలో ఉన్నారు. ఆ పేరున్న పెద్దలు ఎవరైనా మీ ఇంట్లో ఉంటే, దయచేసి ఆ పేరును చూసి నవ్వకండి. అది ఒక తల్లి పడ్డ భయం.

గత శతాబ్దం మొదట్లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో రెండు వందల మందికి పైగా మొదటి పుట్టినరోజు చూడలేదు. గత్తర, అంటే కలరా వస్తే ఊరు ఊరే ఖాళీ అయ్యేది. పోచమ్మకు, ముత్యాలమ్మకు మనం బోనం ఎత్తుతున్నామంటే దాని వెనుక మశూచి భయం ఎంతో ఉంది. 1918లో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా మరీ ఘోరం. మామూలుగా జబ్బులు పసివాళ్ళను, ముసలివాళ్ళను ఎత్తుకుపోతాయి. అది మాత్రం ఇరవై, ముప్ఫై ఏళ్ళ వాళ్ళను తీసుకుపోయింది. దేశం మొత్తం మీద కోటికి పైగా జనం చనిపోయారు. నిజాం రాజ్యం జనాభా 1911లో కోటీ 33 లక్షలు ఉంటే 1921 నాటికి కోటీ 24 లక్షలకు పడిపోయింది. ఇందాక చెప్పిన ఇరవై ఏళ్ళ సగటు ఆ దశకానిదే. కాళోజీ గారికి అప్పుడు నాలుగేళ్ళు. ఆ గండం దాటిన నాలుగేళ్ళవాళ్ళలో ఆయన ఒకరు. దాటనివాళ్ళలో ఎవరెవరు ఏమయ్యేవారో మనకు తెలియదు.

అందుకే పెద్దవాళ్ళ చావులు తక్కువ అని కూడా నేను అనడం లేదు. ఇరవై నిండినవాడికి ఇంకో ముప్ఫై మూడేళ్ళే అంటే, ఇప్పటితో పోలిస్తే అది చాలా తక్కువ. ముఖ్యంగా ఆడవాళ్ళు. కాన్పు అంటే మరో జన్మ అని ఊరికే అనలేదు. రెండో పెళ్ళి చేసుకున్న తాతలు, సవతి తల్లి దగ్గర పెరిగిన పిల్లలు మన కుటుంబాల కథల్లో అంతమంది ఎందుకున్నారో ఆలోచించండి.

"మా ముత్తాత నూటపదేళ్ళు" అనే మాట గురించి కూడా ఒక్కమాట. అప్పుడు పుట్టినరోజు కాగితం ఎవరికి ఉంది? గత్తర వచ్చిన ఏడు పుట్టిండు, పోలీసు చర్య నాటికి మీసాలొచ్చినయ్, ఇట్లాంటి గుర్తులే ఉండేవి. జనాభా లెక్కలవాళ్ళు వయసు అడిగితే నలభై, నలభై ఐదు, యాభై అని గుండు అంకెలే చెప్పేవాళ్ళు. పాత పట్టికల్లో నలభై ఒకటి, నలభై మూడు వయసువాళ్ళు వింతగా తక్కువ కనపడతారు. డెబ్బై దాటాక పెద్దరికం కొద్దీ వయసు ఇంకా పెరుగుతుంది. ముత్తాత ఎనభై ఐదేళ్ళు బతికి ఉంటే అది చాలా గొప్ప సంగతే, దానికి ఇంకో పాతికేళ్ళు కలపాల్సిన పని లేదు.

ఇక పన్నెండేళ్ళకే పెద్దవాళ్ళు అయ్యేవారన్న మాట. ఆయుష్షు తక్కువ కాబట్టి తొందరగా పెళ్ళి చేసేవారని చాలామంది చదువుకున్నవాళ్ళు కూడా నమ్ముతారు. అదే నిజమైతే ఇంగ్లండులోనూ అలాగే జరిగి ఉండాలి. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల్లో అక్కడ సగటు ఆయుష్షు 35, 40 మధ్యే. అయినా మామూలు ఇళ్ళలో ఆడపిల్లలకు పాతికేళ్ళ దగ్గర పెళ్ళయ్యేది. మగపిల్లలకు ఇంకా రెండేళ్ళు ఎక్కువ. కూలి చేసి నాలుగు డబ్బులు వెనకేసుకున్నాకే వేరు కాపురం పెట్టుకునేవాళ్ళు. పెళ్ళి వయసును కులం, ఆస్తి, ఆచారం నిర్ణయించాయి.

మన దగ్గర బాల్యవివాహాలు నిజం. దాన్ని దాచేది లేదు. కానీ పెళ్ళి చేసిన పిల్లను అప్పటి వాళ్ళు కూడా పెద్దమనిషి అనుకోలేదు. పెళ్ళయ్యాక పుట్టింట్లోనే ఉంచి, ఈడేరాక కార్యం చేసి కాపురానికి పంపేవాళ్ళు. తిండి చాలని కాలంలో ఈడేరడం కూడా ఇప్పటికన్నా ఆలస్యమే. ఏడెనిమిదేళ్ళ పిల్లగాణ్ణి దొర దగ్గర జీతానికి పెట్టేవాళ్ళు, వాడు పొద్దంతా గొడ్లు కాసేవాడు. పని చేయించుకున్నారు గానీ పెద్దరికం ఇచ్చారా? ఇంట్లో మాట చెల్లాలంటే ఎన్నేళ్ళు ఆగాలి! నారద స్మృతి ఎనిమిదేళ్ళ దాకా బిడ్డను గర్భంలో ఉన్నట్టే చూడమంది, పదహారు దాకా బాలుడే అంది. ఆ తర్వాత కూడా తల్లిదండ్రులు బతికున్నంత కాలం, ముసలివాడైనా సరే, స్వతంత్రుడు కాడంది. రాజులకైనా అంతే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ రెండేళ్ళ వయసులో 1869లో గద్దె ఎక్కాడు. సాలార్‌జంగ్ వంటి పెద్దలు రాజ్యం నడిపారు. అధికారం ఆయన చేతికి వచ్చింది 1884లో, పదిహేడు నిండాకే. పన్నెండేళ్ళకు రాజ్యం అప్పజెప్పలేదు ఎవరూ.

ఇది చరిత్ర ముచ్చట మాత్రమే అయితే నేను ఇంత గట్టిగా చెప్పేవాణ్ణి కాదు. "మా అమ్మమ్మకు పదమూడేళ్ళకే అయింది, ఆమె బతకలేదా?" అంటూ ఇప్పటికీ ఇంటర్ చదివే పిల్లకు సంబంధాలు చూస్తున్నారు. బ్రిటిష్ ఇండియాలో 1929 చట్టం ఆడపిల్లకు 14 ఏళ్ళు అంది, 1978లో అది 18 అయింది. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన రాష్ట్రంలో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ళ ఆడవాళ్ళలో దాదాపు నాలుగో వంతు మందికి 18 నిండకముందే పెళ్ళయింది. అమ్మమ్మ బతికింది, నిజమే. ఆమెతో పాటు పదమూడేళ్ళకు పెళ్ళై తొలికాన్పులో పోయిన ఆమె స్నేహితురాలు ఎవరికీ అమ్మమ్మ కాలేదు. ఆమె తరఫున మాట్లాడేవాళ్ళు ఆ పెళ్ళిచూపుల్లో ఉండరు.

మరి అప్పటి 32 ఏళ్ళ సగటు ఇప్పుడు డెబ్బై ఎలా అయింది? ముసలివాళ్ళను ఇంకా ముసలివాళ్ళను చేయడం వల్ల వచ్చింది కొంతే. ఎక్కువ భాగం పిల్లలను దక్కించుకోవడం వల్ల వచ్చింది. మశూచి టీకాలతో 1975 తర్వాత మన దేశంలో మశూచి కేసు లేదు. విరేచనాలవుతున్న బిడ్డకు నీళ్ళు తాగిస్తే ఇంకా ఎక్కువవుతాయని గొంతు తడవనిచ్చేవాళ్ళు కాదు, ఆ ఎండిపోవడంతోనే ప్రాణం పోయేది. 1971లో బెంగాల్ శరణార్థి శిబిరంలో సెలైన్ అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్ళు తాగించి వేలమందిని కాపాడారు. ఇప్పుడు అంగన్‌వాడీలో దొరికే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ అదే. మంచినీళ్ళు, కాన్పులు దవాఖానలో జరగడం, ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలు, వీటన్నిటి చేతులూ ఇందులో ఉన్నాయి. 2020 నాటికి తెలంగాణలో వెయ్యిమంది పసివాళ్ళలో ఏడాదిలోపు పోతున్నది 21 మంది. ఆ 21 మంది కూడా పోకూడదు, కానీ రెండు వందల నుంచి ఇక్కడికి వచ్చాం.

యాభైకే గుండెపోటు అన్న టెన్షన్ ఉత్తదేమీ కాదు. షుగరు, బీపీ, పంటల మీద కొట్టే మందులు, వీటి మీద కొట్లాడాల్సిందే. వాటి కోసం పాతకాలాన్ని స్వర్గం చేయనక్కర్లేదు.

చివరిగా మీకొక పని. ఎండాకాలం సెలవులకు ఊరికి పోయినప్పుడు డెబ్బై దాటిన అవ్వల దగ్గర కూర్చోండి. పిల్లలెంతమంది అని అడగకండి, ఎన్ని కాన్పులు, ఎంతమంది దక్కారు అని అడగండి. ఆమె అమ్మకు ఎన్నో కూడా అడగండి. పోయినవాళ్ళు ఎంత వయసులో, దేనితో పోయారో, పేరు ఉంటే పేరు రాసుకోండి. ఏడాది తెలియకపోతే పోలీసు చర్యకు ముందా, తర్వాతా అని గుర్తు పట్టించండి. ఆమెకు చెప్పాలనిపించకపోతే బలవంతం చేయొద్దు, పక్కన కూర్చుని చాయ్ తాగి రండి. కాలేజీ తెరిచాక ఆ కాగితాలన్నీ నా దగ్గరికి తెండి. ఊరివారీగా, దశకాలవారీగా పట్టిక వేద్దాం. లెక్క ఎలా కట్టాలో నేను నేర్పిస్తాను.