భుజం మీద నాలుగు గీతలు

(కావలిలో ఇంటర్ విద్యార్థులకూ తల్లిదండ్రులకూ ఒక రిటైర్డ్ నౌకా కెప్టెన్ చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకి నమస్కారం. ఎండన పడి వచ్చిన తల్లిదండ్రులకి, వెనక బెంచీల్లో గుసగుసలాడుతున్న పిలకాయలకి కూడా.

జీతం ఎంతనే కదా మీ గుసగుస? బాగానే వస్తుంది. ఓడని బట్టి, కంపెనీని బట్టి మారుతుంది గనక అంకె చెప్పను. భుజం మీద నాలుగు గీతలున్న కెప్టెన్‌కి అది దేనికిస్తారో చెబుతాను.

ఓడ నడిపినందుకు కాదు. చుక్కాని పట్టుకునే మనిషి వేరే ఉంటాడు. వాచీ, అంటే వంతులవారీగా ఓడని కనిపెట్టుకుని ఉండే కాపలా, కాసేది ఆఫీసర్లు: ఎనిమిది నుంచి పన్నెండు థర్డ్ మేటు, పన్నెండు నుంచి నాలుగు సెకండ్ మేటు, నాలుగు నుంచి ఎనిమిది చీఫ్ మేటు, పగలూ అంతే, రాత్రీ అంతే. కెప్టెన్‌కి మామూలుగా వాచీ ఉండదు. ఏ వాచీలో ఏం జరిగినా లేపేది మాత్రం ఆయన్నే.

మన కృష్ణపట్నమే చూడండి. బొగ్గు ఓడ రేవు బయట లంగరేసి ఉంటుంది. ఓడని రేవులోకి దారి చూపి తీసుకెళ్లే పోర్టు పైలట్ లాంచీలో వచ్చి, ఓడ పక్కన వేలాడేసిన తాళ్ల నిచ్చెన పట్టుకుని ఎక్కుతాడు. అల లాంచీని పైకెత్తినప్పుడే నిచ్చెన అందుకోవాలి, ఒక్క క్షణం తేడా వస్తే కాలు లాంచీకీ ఓడకీ మధ్య నలుగుతుంది. ఓడ నడిపే గది, అదే బ్రిడ్జి, మీదికొచ్చి "స్టార్‌బోర్డ్ టెన్", అంటే చుక్కాని కుడికి పది డిగ్రీలు, అంటూ మొదలుపెడతాడు. రేవులోకి పోయే ఆ ఛానెల్ లోతూ ఆటుపోట్లూ ఆయనకి తెలిసినట్టు కెప్టెన్‌కి తెలియవు. అయినా ఓడ ఇసుకలో కూరుకుపోతే జవాబు చెప్పుకోవాల్సింది కెప్టెనే. పనామా కాలువ దగ్గర మాత్రం లెక్క వేరు, అక్కడ ఓడ నడకని పైలటే తన చేతిలోకి తీసుకుంటాడు.

ఆడపిల్లలకి ఇదెందుకనే నాయనలూ ఇక్కడ ఉండే ఉంటారు. 2015 జూన్‌లో 'దుర్గమ్మ' అనే కాకినాడ వేటపడవ ఇంజిన్ చెడి, లంగరు పోగొట్టుకుని, తుపాను గాలికి ఒడిశా గోపాలపూర్ వైపు కొట్టుకుపోయింది. అందులో ఏడుగురు. అటు పోతున్న ట్యాంకర్ 'సంపూర్ణ స్వరాజ్య'కి కెప్టెన్ రాధికా మేనన్. ఇరవై అయిదు అడుగుల అలల్లో, చమురు మోసే ఓడని అంత చిన్న పడవ దగ్గరికి తీసుకెళ్లాలా వద్దా? ఆ మాట చెప్పడానికి పక్కన ఎవరూ ఉండరు. మూడో ప్రయత్నంలో ఏడుగురినీ ఎక్కించారు, అదే పైలట్ నిచ్చెన మీదుగా. 2016లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ సాహస పురస్కారం ఆమెకిచ్చింది.

రెండో వైపూ చెప్పాలి, లేకపోతే మిమ్మల్ని మోసం చేసినట్టే. పరాయి తీరమంటే ఓడవాళ్లకి భయం ఇవాళ్టిది కాదు. ఓడ పగిలి ఒడ్డుకి కొట్టుకొచ్చిన సరుకంతా రాజులు లాగేసుకునే రోజుల్లో, మేం సుంకం తప్ప ఇంకేదీ ముట్టమని కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లిలో అభయశాసనం వేయించాడు. మొన్నటిదాకా మన ప్రకాశం జిల్లా ఊరే అది. మరి ఈ కాలంలో? 2007 డిసెంబర్ 7న దక్షిణ కొరియాలో లంగరేసి నిలబడి ఉన్న 'హెబెయ్ స్పిరిట్' ట్యాంకర్‌ని, లాగే టగ్గు పడవ తాడు తెగి, క్రేను మోసే బల్లపరుపు పడవ, అదే క్రేన్ బార్జి, వచ్చి గుద్దింది. పదివేల టన్నులకి పైగా ముడిచమురు సముద్రం పాలైంది. కెప్టెన్ జస్‌ప్రీత్ చావ్లా, చీఫ్ మేటు శ్యామ్ చేతన్ ఇద్దరూ మనదేశం వాళ్లే. కింది కోర్టు నిర్దోషులంది, పైకోర్టు జైలుకి పంపింది, సుప్రీంకోర్టు ఆ జైలుశిక్ష కొట్టేసింది. ఇల్లు చేరేసరికి 2009 జూన్. జీతం అడిగారు కదా, ఇందుకే ఇస్తారు.

ఇదంతా విన్నాక కూడా పోతామంటే, దారి కష్టమైందేం కాదు, పొడవైంది. ఇంటర్‌లో ఎంపీసీ, అందులో అరవై శాతం, ఇంగ్లీషులో యాభై. ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రవేశపరీక్ష రాయాలి. మూడేళ్ల నాటికల్ సైన్స్, అంటే ఓడ నడిపే చదువు, డిగ్రీ ఒక దారి. ఏడాది డిప్లొమా, ఆపైన పద్దెనిమిది నెలలు కేడెట్‌గా ఓడ మీద, ఇంకో దారి. కేడెట్ అంటే తుప్పు గీకడం, రంగులేయడం కూడా, తెలిసి పొండి. ఆ తర్వాత మెట్టు మెట్టుకీ పరీక్షే. కెప్టెన్ కావడానికి పదేళ్లయినా పడుతుంది.

ఫీజు కట్టే ముందు కంటి డాక్టరు దగ్గర రంగుల పరీక్ష చేయించండి. ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియకపోతే డెక్ మీదికి రానివ్వరు, ఎదుటి ఓడ ఎటు పోతోందో రాత్రిపూట దాని మీది ఆ రంగుల దీపాలే చెప్పాలి. ఇక, లక్షలు కట్టు, ఓడెక్కిస్తానంటూ నెల్లూరులోనో ఒంగోలులోనో ఏజెంటు ఎవరైనా దొరికితే, డైరెక్టర్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ లైసెన్సు చూపించమనండి. లైసెన్సు ఉన్నవాడు ఉద్యోగానికి మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు, లేనివాడితో మాటే వద్దు.

మైకు అటు పంపిస్తారు, లేచి అడగండి అబ్బయ్యా.