గోదారి అడుగున మునిగిన పడవ జాడ పట్టడం ఎలా?

[దృశ్యం: యానాం దగ్గర గౌతమి, తెల్లవారుజాము. మర పడవ నెమ్మదిగా సాగుతోంది.]

నమస్కారమండీ. సొంత పడవ ఉంటే గోదారి పాయల్లో మునిగిపోయిన పడవల్ని ఎలా వెతకాలో చూద్దాం. చాలామంది ముందు సోనార్, అంటే నీళ్లలోకి శబ్దం పంపి అడుగుని తెర మీద చూపించే యంత్రం, కొనేస్తారు. నేనైతే ముందు రేవుకెళ్లి, వలలు బాగుచేసుకునేవాళ్ల పక్కన కూర్చోమంటాను.

ఎందుకంటే చేపల కోసం వాడే మామూలు సోనార్, ఫిష్ ఫైండర్, సరిగ్గా పడవ కింద ఉన్నదే చూస్తుంది. దాని శబ్దం కిందికి విచ్చుకునే కోణం, అంటే బీమ్, 20 డిగ్రీలైతే, 6 మీటర్ల లోతులో దానికి కనిపించేది 2 మీటర్ల వెడల్పే. ఇక్కడ గౌతమి కిలోమీటరు పైనే ఉంటుంది. గుడ్డిగా తిరిగితే డీజిల్ అయిపోతుంది తప్ప పని అవదు.

[దృశ్యం: రేవు. వల కుడుతున్న చేతులు, దగ్గరగా.]

నేను ఒక పెద్దాయన్ని అడిగాను. "బాబాయ్, మీ వల ఎక్కడ పట్టేస్తుంది?" ఆయన చెయ్యి చాపి చూపించారు. "అదిగో ఆ ఒంటి తాడి, దాని వెనక గుడి గోపురం ఒక వరసలోకి వస్తాయి చూడు. ఆ వరసలో మా నాన్న కూడా వల వేసేవాడు కాదు." అది ఒక గీత. ఇంకో ఒడ్డు వైపు కూడా అలాంటి వరస ఒకటి అడగండి. రెండు గీతలు కలిసే చోటే మీ పాయింటు. దాన్ని జీపీఎస్‌లో పెట్టుకోండి.

ఆ పాయింటు చుట్టూ పొలం దున్నినట్టు, సాలు పక్కన సాలుగా తిరగాలి. గంటకి 5 కిలోమీటర్లు మించొద్దు. పోటుకీ పాటుకీ మధ్య నీళ్లు కాసేపు నిలబడతాయి కదా, పడవ గీత తప్పకుండా వెళ్లేది అప్పుడే. పక్కలకి చూసే సైడ్ స్కాన్ సోనార్ ఉంటే ఇంకా మంచిది.

[దృశ్యం: సోనార్ తెర. గోధుమరంగు అడుగు, మధ్యలో నల్లటి నీడ.]

సైడ్ స్కాన్ తెర మీద వస్తువుని కాదు, దాని నీడని చూడండి. అడుగు నుంచి పైకి లేచిన ప్రతిదాని వెనకా సోనార్ శబ్దం అందని నల్లటి చోటు పడుతుంది. మాకు ఆ రోజు కనిపించిన నీడ వంకరగా ఉంది, చివర చీలికలై ఉంది. వరదకి కొట్టుకొచ్చిన చెట్టు మాను అది. పడవ అయితే అంచు నీడ సూటిగా పడుతుంది, లోపల పక్కటెముకల్లా ఉండే వంకీలు ఉంటే నిచ్చెన మెట్లలా వరసగా కనిపిస్తాయి. ఇసుక మేటకి ఇంత పదునైన నీడ రాదు.

సోనార్ లేకుండానే దొరికిన గొప్ప ఓడ ఒకటుంది. స్వీడన్‌లో 1628లో మునిగిన వాసా. ఆండర్స్ ఫ్రాన్సెన్ చిన్న పడవలో తిరుగుతూ, తాడుకి కట్టిన బరువైన గొట్టాన్ని అడుక్కి వదిలేవారు. 1956లో అందులో నల్లబడిన ఓక్ చెక్క ముక్క వచ్చింది. 1961లో ఓడని పైకి తెచ్చారు. బాల్టిక్‌లో ఉప్పు తక్కువ కాబట్టి చెక్కని తొలిచే సముద్రపు పురుగు అక్కడ బతకదు. మన గోదారి సముద్రంలో కలిసే మొగల దగ్గర ఉప్పునీళ్లలో అది బతుకుతుంది. అందుకే ఇక్కడ బయట ఉన్న చెక్క త్వరగా పోతుంది, ఒండ్రు కప్పినదే మిగులుతుంది. 1839 తుఫాను కొట్టిన కోరంగి రేవు కూడా అలాగే పూడిపోయింది. పాత పటంలో నీళ్లున్న చోట ఇప్పుడు మడ అడవి ఉండొచ్చు.

ఇక దిగడం. వరద ఎర్రనీళ్లు వచ్చాక అస్సలు వద్దు. డెల్టాకి పైన, కచ్చులూరు దగ్గర 2019 సెప్టెంబరు 15న మునిగిన బోటుని ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనుప తాళ్లు వేసి లాగి బయటికి తెచ్చేసరికి అక్టోబరు 22 అయింది. వరద గోదారి అంత బలమైంది. మనుషులు పోయిన అలాంటి చోట్లకి సరదాగా వెళ్లకండి, దయచేసి.

ఎండాకాలంలో కూడా శిక్షణ ఉన్న డైవర్, తోడు మనిషి, చేతిలో కత్తి ఉండాల్సిందే. వల పట్టేసే చోటంటే పాత వలలు చిక్కుకుని ఉన్న చోటే కదా. అడుగున నీళ్లు మసకగా ఉండి ఏమీ కనిపించకపోతే తిరిగి పైకి రండి. ఏదీ తియ్యొద్దు. వందేళ్లు దాటిన వస్తువులకి 1972 పురావస్తువుల చట్టం ఉంది.

[దృశ్యం: మళ్లీ రేవు. పెద్దాయన చేతిలో ఫోను.]

దొరికిన పాయింటుని ముందు ఆ పెద్దాయన ఫోనులో పెట్టండి. మాను అయినా సరే, రేపు ఆయన మనవడి వల అక్కడ చిరగకుండా ఉంటుంది.