స్వేచ్ఛా వాణిజ్యం కన్జర్వేటివ్‌ల సిద్ధాంతమేనా?

అందరికీ నమస్కారం. అమెరికా, బ్రిటన్ రాజకీయాల్లో ఎప్పటినుంచో నలుగుతున్న ఒక ప్రశ్న గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. కుటుంబం, మతం, ఊరు, దేశం నిలబడాలని కోరుకునేవాళ్లు కన్జర్వేటివ్‌లు. మరి సరుకూ డబ్బూ ఏ అడ్డూ లేకుండా ప్రపంచమంతా తిరగాలని కూడా వాళ్లే ఎలా అంటున్నారు? ఈ రెండూ ఒకచోట ఇముడుతాయా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వ్యాపారంతో కన్జర్వేటివ్‌కి పేచీ ఉండక్కర్లేదు. దాని వల్ల ఎవరు నష్టపోయినా సరే అది మంచిదేనని గుడ్డిగా నమ్మడంతోనే పేచీ.

అమెరికాలో కన్జర్వేటివ్‌ల పార్టీ అయిన రిపబ్లికన్ పార్టీ అంటే మొదటినుంచీ స్వేచ్ఛా వాణిజ్యమేనని చాలామంది అనుకుంటారు. నిజానికి లింకన్ కాలం నుంచి దాదాపు డెబ్భై ఏళ్లు అది దిగుమతి సుంకాల పార్టీ. 1890లో మెకిన్లీ సుంకాల చట్టం వాళ్లదే. 1930లో సుంకాలు ఇంకా పెంచిన స్మూట్-హాలీ చట్టమూ వాళ్లదే. సంతకం పెట్టొద్దని వెయ్యిమందికి పైగా ఆర్థికవేత్తలు ప్రెసిడెంట్ హూవర్‌ని బతిమాలినా ఆయన పెట్టారు. మిగతా దేశాలు ఎదురు సుంకాలు వేశాయి. అసలే మాంద్యంలో ఉన్న ప్రపంచ వ్యాపారం ఇంకా కుంగింది.

బ్రిటన్ కథ ఇంకోలా నడిచింది. 1846లో కన్జర్వేటివ్ ప్రధాని రాబర్ట్ పీల్ ధాన్యం దిగుమతులపై సుంకాల చట్టాలను ఎత్తేశారు. సొంత ఎంపీల్లో ఎక్కువమంది ఆయనకు వ్యతిరేకంగా ఓటేశారు. ప్రతిపక్షం ఓట్లతోనే బిల్లు గట్టెక్కింది. పార్టీ నిలువునా చీలింది, మళ్లీ గట్టి మెజారిటీ రావడానికి 1874 దాకా ఆగాల్సి వచ్చింది. అంతకుముందు, కన్జర్వేటివ్‌లు తమ గురువుగా చెప్పుకునే బ్రిటిష్ ఎంపీ ఎడ్మండ్ బర్క్ సంగతి చూడండి. ఐర్లాండ్ వ్యాపారంపై ఆంక్షలు సడలించాలని 1778లో ఆయన వాదిస్తే, ఆయన్ని గెలిపించిన బ్రిస్టల్ వర్తకులకే కోపం వచ్చింది. 1780 ఎన్నికల్లో ఆయన ఆ సీటు వదులుకోవాల్సి వచ్చింది. అంటే ఈ వర్గంలో రెండు దారులూ మొదటినుంచీ ఉన్నాయి.

1980ల్లో రిపబ్లికన్ ప్రెసిడెంట్‌గా ఉన్న రీగన్ మాటల్లో స్వేచ్ఛా వాణిజ్యానికి పెద్ద సమర్థకుడు. కానీ ఆయన హయాంలోనే, 1981లో, జపాన్ తన కార్ల ఎగుమతులకు పరిమితి పెట్టుకునేలా అమెరికా ఒత్తిడి తెచ్చింది. 1983లో పెద్ద మోటార్‌సైకిళ్ల దిగుమతిపై భారీ సుంకం పడింది, హార్లీ-డేవిడ్‌సన్ మునిగిపోకుండా. దానికి ఐదేళ్ల గడువు పెట్టారు, ఏటా తగ్గిస్తూ పోయారు. గడువు తీరకముందే, 1987లో, ఇక సుంకం అక్కర్లేదని ఆ కంపెనీయే చెప్పింది. ఈ పద్ధతి నాకు నచ్చుతుంది. ఊపిరి తీసుకునే వ్యవధి ఇచ్చారు తప్ప శాశ్వతంగా గోడ కట్టలేదు.

ఆ తర్వాతే సిద్ధాంతం బిగుసుకుపోయింది. 1993లో అమెరికా, కెనడా, మెక్సికోల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం నాఫ్టా అమెరికా ప్రతినిధుల సభకు వచ్చినప్పుడు 132 మంది రిపబ్లికన్లు అవునన్నారు, డెమొక్రాట్లు 102 మందే. ఫ్యాక్టరీ ఊళ్లు దెబ్బతింటాయని సొంత పక్షం నుంచే పాట్ బుకానన్ గొంతు చించుకున్నా పెద్దలు వినలేదు. 2001 డిసెంబర్‌లో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది. 2000లో అమెరికా ఫ్యాక్టరీల్లో సుమారు 1.7 కోట్ల ఉద్యోగాలుంటే, 2010 నాటికి 1.15 కోట్లకు పడిపోయాయి. అందులో యంత్రాల వంతు ఉంది, మాంద్యం వంతూ ఉంది. కానీ చైనా దిగుమతుల వంతు చిన్నదేం కాదు.

డేవిడ్ ఆటర్, డేవిడ్ డార్న్, గోర్డన్ హాన్సన్ అనే ఆర్థికవేత్తలు దీన్ని ఊరూరా లెక్క తీశారు. ఉద్యోగం పోయినవాళ్లు వేరే ఊరు వెళ్లి కొత్త పని వెతుక్కుంటారని పాఠ్యపుస్తకం చెప్పింది. చాలామంది ఎక్కడివాళ్లు అక్కడే ఉండిపోయారు. మగవాళ్ల ఫ్యాక్టరీ ఉద్యోగాలు పోయిన చోట్ల యువతలో పెళ్లిళ్లు తగ్గాయి, పేదరికంలో పెరిగే పిల్లలు ఎక్కువయ్యారు. కన్జర్వేటివ్ అనుకునే ప్రతి ఒక్కరూ దీని దగ్గర ఆగి ఆలోచించాలి. పెళ్లి, కుటుంబం పవిత్రమని ఆదివారం చెప్పి, వాటికి ఆధారమైన జీతం పోతుంటే మార్కెట్ చూసుకుంటుందిలే అని సోమవారం అంటే ఎలా? వస్తువులు చవకయ్యాయి, నిజమే. అది పేదవాడికీ లాభమే. కానీ చవక టీవీ, పోయిన ఉద్యోగానికి బదులు కాదు.

గ్లోబలిజం సంగతి వేరు. దేశాలు సరుకులు అమ్ముకోవడం ఒకటి, ఓటర్లకు జవాబు చెప్పనక్కర్లేని వ్యవస్థ దేశాల మీద కూర్చోవడం ఇంకొకటి. బ్రిటన్ కన్జర్వేటివ్ ప్రధాని మార్గరెట్ థాచర్‌కి ఈ తేడా బాగా తెలుసు. యూరప్ ఉమ్మడి మార్కెట్‌కి బాట వేసిన 1986 ఒప్పందానికి ఆవిడే మద్దతిచ్చారు. రెండేళ్ల తర్వాత బ్రూజ్ నగరంలో, యూరప్ కూటమి కేంద్రమైన బ్రస్సెల్స్ నుంచి పెత్తనం చేసే యూరప్‌ని ఒప్పుకోనని గట్టిగా చెప్పారు. ఆ రెంటిలో నాకు వైరుధ్యం కనిపించదు.

అలాగని ఇప్పటి సుంకాలన్నీ కన్జర్వేటివ్ విధానమే అంటే ఒప్పుకోలేను. సుంకాలు వేసే అధికారం రాజ్యాంగం మొదటి అధికరణంలోనే కాంగ్రెస్‌కి ఇచ్చింది. 2018లో ప్రెసిడెంట్ ట్రంప్ దేశ భద్రత పేరు చెప్పి స్టీల్ దిగుమతుల మీద 25 శాతం వేశారు, కొద్దినెలల్లోనే మిత్రదేశం కెనడా మీద కూడా. అదే ఏడాది వాణిజ్య పోరులో చైనా సోయాబీన్స్ మీద ఎదురు సుంకం వేసింది, రైతులు దెబ్బతిన్నారు. వాళ్లకి ప్రభుత్వం 1,200 కోట్ల డాలర్ల సాయం ప్రకటించాల్సి వచ్చింది. ప్రభుత్వ ఖర్చు తగ్గాలనే పార్టీ చేయాల్సిన పనేనా ఇది?

ఇంకొక్క విషయం. ఆ స్టీల్ సుంకాలకు ఆధారం 1962 నాటి వాణిజ్య విస్తరణ చట్టంలోని 232వ సెక్షన్. దిగుమతుల వల్ల పని పోయిన కార్మికుడికి శిక్షణ, భత్యం ఇచ్చే పథకం మొదలైందీ ఆ చట్టంతోనే. సెక్షన్ ఇంకా వాడుకలో ఉంది. ఆ పథకానికి 2022 జూలైలో గడువు తీరింది, కొత్త కార్మికులను చేర్చుకోవడం ఆపేశారు. దాన్ని మళ్లీ తేవాలని మొదట అడగాల్సింది కుటుంబ విలువల గురించి మాట్లాడే పార్టీయే.