పీఆర్ పోగొట్టుకోకుండా ఇంటికి రావాలంటే

అందరికీ నమస్కారం. ఈ హాల్లో ఉన్న పెద్దవాళ్లలో చాలామంది పిల్లలు టొరంటో వైపో డల్లాస్ వైపో స్థిరపడ్డారు. కొందరు మీరే గ్రీన్ కార్డు తీసుకున్నారు, అక్కడ పొద్దుపోక శెనక్కాయలు విత్తే కాలానికి అనంతపురం వచ్చేస్తున్నారు. రండి, తప్పేం లేదు. తిరిగి వెళ్లే హక్కు మాత్రం పోనివ్వకండి.

ముందు కెనడా సంగతి. పీఆర్, అంటే అక్కడ శాశ్వతంగా నివసించే హక్కు, నిలవాలంటే ఐదేళ్లలో 730 రోజులు అక్కడ ఉండాలి, వరసగా ఉండనక్కర్లేదు. పీఆర్ కార్డు మీద రాసిన ఐదేళ్లే లెక్క అని చాలామంది నమ్ముతున్నారు. నిజానికి అధికారి పరిశీలించే రోజు నుంచి వెనక్కి ఐదేళ్లు చూస్తారు. బయలుదేరిన రోజు, తిరిగి దిగిన రోజు రెండూ కెనడాలో ఉన్నట్టే. కెనడా పౌరసత్వం ఉన్న భర్తతోనో భార్యతోనో కలిసి ఇక్కడ ఉంటే ఆ రోజులూ కలుస్తాయి. కంపెనీయే పని మీద ఇక్కడికి పంపితే సరే గానీ, మనంతట మనమే వచ్చి ఇంట్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని అక్కడి ఉద్యోగం చేస్తే ఆ రోజులు కలుస్తాయన్న భరోసా పెట్టుకోవద్దు.

కార్డు గడువు దాటిందని చాలామంది టెన్షన్ పడతారు. ఏటీఎం కార్డు గడువు తీరితే ఖాతాలో డబ్బు పోదు కదా, పీఆర్ కూడా అంతే. అయితే చెల్లే కార్డు లేకపోతే విమానం ఎక్కనివ్వరు. ఇక్కడి నుంచే ప్రయాణ పత్రం కోసం దరఖాస్తు చేయాలి, అప్పుడు రోజుల లెక్క తీస్తారు.

నాకు బాధ కలిగించేది ఇక్కడే. నాన్నకు పక్షవాతం వచ్చిందని ఉద్యోగం వదిలి వచ్చి, మంచం పక్కనే ఏళ్లు గడిపిన పిల్లలు మన జిల్లాలో ఉన్నారు. రోజులు తగ్గాయి కాబట్టి అంతా అయిపోయిందని వాళ్లే తీర్మానించుకుంటారు. దయచేసి అలా అనుకోకండి. మానవతా కారణాలను పరిగణించే వీలు ఆ చట్టంలోనే ఉంది. ఆసుపత్రి డిశ్చార్జి కాగితాలు, మందుల బిల్లులు, ఇంట్లో చూసుకునేవాళ్లు వేరే ఎవరూ లేరని చూపే ఆధారాలు జాగ్రత్తగా ఉంచుకోండి. ప్రయాణ పత్రం ఇవ్వకపోతే 60 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు.

అమెరికా పద్ధతి వేరు. ఆరు నెలలకోసారి వెళ్లి మొహం చూపిస్తే గ్రీన్ కార్డు భద్రం అనే మాట నమ్మకండి. మీ స్థిరనివాసం నిజంగా ఎక్కడ అన్నదే వాళ్లు చూస్తారు. ఏడాదో అంతకన్నా ఎక్కువో ఇక్కడ ఉండాల్సి వస్తే రీఎంట్రీ పర్మిట్, అంటే తిరిగి అమెరికాలోకి వచ్చేందుకు అనుమతి పత్రం, కావాలి. మామూలుగా రెండేళ్లు చెల్లుతుంది, దరఖాస్తు మాత్రం అమెరికాలో ఉండగానే చేయాలి. విమానాశ్రయంలో గ్రీన్ కార్డు వదులుకుంటున్నట్టు ఐ-407 ఫారం ముందు పెడితే భయపడి సంతకం చేయకండి. ఇమ్మిగ్రేషన్ జడ్జి ముందు చెప్పుకునే హక్కు మీకుంది.

బతుకంతా ఇక్కడే అనుకునే పెద్దలకు, పిల్లలు కెనడాలో ఉంటే, పీఆర్ కన్నా సూపర్ వీసా (అక్కడున్న పిల్లల్ని చూడ్డానికి తల్లిదండ్రులకిచ్చే సందర్శక వీసా) మేలని నా అభిప్రాయం. ఒకసారి వెళితే ఐదేళ్ల వరకు ఉండొచ్చు, ఏటా ఇన్ని రోజులు ఉండాలన్న షరతు లేదు.

పాస్‌పోర్టులు తెచ్చినవాళ్లు ముందుకు రండి, ముద్రల మీది తేదీలు చూసి ఎవరి లెక్క వాళ్లకు ఇప్పుడే వేద్దాం.