స్క్వాల్ అంటే తుఫాను కాదు

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా పలకరించడం లేదు, ఏమీ అనుకోకండి. ఇచ్చింది పదిహేను నిమిషాలు. నేను చెప్పాల్సింది ఒకే ఒక్క మాట గురించి.

ఆ మాట స్క్వాల్. పోటీ పరీక్షల కోసం మీరంతా కష్టమైన ఇంగ్లిష్ మాటలు బట్టీ పడుతున్నారు. నేనూ పట్టాను. 'స్క్వాల్ – తుఫాను' అని నోట్సులో ఎర్ర సిరాతో రాసుకున్నాను. పరీక్షలో 'మూడు రోజులు స్క్వాల్ వీచింది' అని రాస్తే, దిద్దినవారు టిక్కు పెట్టారు. ఆ టిక్కు చూసి ఇరవై ఏళ్లు అదే నిజమనుకున్నాను.

స్క్వాల్ మూడు రోజులు ఉండదండీ! వాతావరణ శాస్త్రంలో దానికో లెక్క ఉంది. గాలి వేగం ఉన్నట్టుండి కనీసం 16 నాట్లు పెరగాలి (నాట్ అంటే ఓడవాళ్లు వేగాన్ని కొలిచే కొలత). 22 నాట్లకు, అంటే గంటకు 40 కిలోమీటర్లకు చేరాలి. కనీసం ఒక నిమిషం నిలవాలి. కొన్ని సెకన్లలోనే తగ్గిపోతే అది గస్ట్, అంటే ఒక్క విసురు గాలి. ఉరుముల మబ్బు కింద చినుకులు ఆవిరవుతూ గాలిని చల్లబరుస్తాయి. చల్లబడ్డ గాలి బరువెక్కి కిందికి దూకి, నేలను తాకి నలువైపులా పరుచుకుంటుంది. వానకు ముందు ఒళ్లు జల్లుమనిపించే గాలి చాలాసార్లు అదే. మనకు ఈదురుగాలి అనే చక్కని మాట ఉండగా తుఫాను ఎందుకు రాసుకున్నానో!

ఓడవాళ్లకు ఈ తేడా ప్రాణాలతో సమానం. 1878 మార్చి 24న యూరిడిసి అనే బ్రిటిష్ శిక్షణ నౌక ఇంటిదారిలో ఉంది. ఇంగ్లండ్ దక్షిణ తీరాన ఉన్న ఐల్ ఆఫ్ వైట్ దీవి దగ్గరికి వచ్చేసింది. తెరచాపలు ఎత్తి ఉన్నాయి, పక్క కిటికీలు తెరిచి ఉన్నాయి. మంచుతో కలిసి స్క్వాల్ విరుచుకుపడింది. చాపలు దించే వ్యవధి లేదు. నౌకలో 300 మందికి పైగా ఉంటే ఇద్దరే బతికారు. తీరం కనిపించేంత దూరంలో, ఆలోచించండి! తుఫాను అయితే ముందే జాడ తెలిసేదేమో. ఇది ఆ సమయం ఇవ్వలేదు.

టైమ్ అయిందని చీటీ వచ్చింది. ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. పసిబిడ్డ గుక్కపట్టి ఏడవడాన్ని కూడా ఇంగ్లిష్‌లో స్క్వాల్ అనే అంటారు. మా మనవరాలు అలా ఏడుస్తుంటే నాకు ఈ మాట పూర్తిగా అర్థమైంది. అప్పటిదాకా బోసినవ్వు, ఒక్కసారిగా ఆకాశాన్నంటే కేక, కాసేపటికి మళ్లీ నిద్ర.

ఇప్పుడు అందరూ నోట్సులు తెరవండి. స్క్వాల్ పక్కన తుఫాను అని ఉంటే కొట్టేసి, ఈదురుగాలి అని రాయండి. రాసేదాకా మైకు వదలను.