కోనసీమ ఓటరు తయారుచేసిన స్పీకర్: జి.ఎం.సి. బాలయోగి రాజకీయ జీవితం

పెద్దలకు, ఉపాధ్యాయ మిత్రులకు, చోటు చాలక గుమ్మం దగ్గర నిలబడే వింటున్న విద్యార్థులకు నమస్కారం.

అమలాపురం పార్లమెంటు సీటును ఇక్కడి జనం ఏ పార్టీకీ పట్టా రాసివ్వలేదు. 1984లో తెలుగుదేశం గెలిచింది. 1989లో కాంగ్రెస్. 1991లో మళ్లీ తెలుగుదేశం, 1996లో మళ్లీ కాంగ్రెస్. 1998, 1999ల్లో తెలుగుదేశం, 2004, 2009ల్లో కాంగ్రెస్. ఆ తర్వాత 2014లో తెలుగుదేశం, 2019లో వైఎస్సార్ కాంగ్రెస్, 2024లో తిరిగి తెలుగుదేశం. ఇది మా కంచుకోట అని నలభై ఏళ్లుగా ఎవరూ ధీమాగా చెప్పుకోలేని నియోజకవర్గం ఇది. ఇలాంటి చోట రాజకీయం చేసే మనిషి ఎలా తయారవుతాడన్నదే ఈ సాయంత్రం మనం మాట్లాడుకోబోయే సంగతి. అందుకు నేను ఎంచుకున్న జీవితం గంటి మోహన చంద్ర బాలయోగి గారిది.

మధ్యేమార్గం అనగానే మనలో చాలామందికి గోడమీద పిల్లి గుర్తొస్తుంది. ఏ విషయం మీదా తనకంటూ అభిప్రాయం లేని మనిషి అనుకుంటాం. బాలయోగి గారి విషయంలో నేను దీన్ని ఒప్పుకోను. ఓడిపోగలనని తెలిసిన మనిషికి ఎదుటివాడి మాట వినే అలవాటు పడుతుంది. ఆ అలవాటు ఏళ్ల తరబడి నిలిస్తే అదే అతని స్వభావం అవుతుంది. ఆయన నడిచిన మధ్యేమార్గం అలా ఏర్పడిందని నా నమ్మకం. అది ఎలాగో చెబుతాను.

1951 అక్టోబర్ 1న ఐ.పోలవరం మండలం ఎదుర్లంకలో, వ్యవసాయం మీద బతికే దళిత కుటుంబంలో ఆయన పుట్టారు. గౌతమి ఒడ్డున ఎదుర్లంక, ఆవలి ఒడ్డున యానాం. ఊళ్లో చదువుకునే వసతి లేక పక్కనున్న గుత్తెనదీవిలో అక్షరాలు దిద్దుకున్నారు. తర్వాత కాకినాడలోనూ, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ చదివి, లా పట్టాతో 1980లో కాకినాడ కోర్టులో ప్రాక్టీసు మొదలుపెట్టారు. 1985లో ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్‌గా ఎంపికయ్యారు. లంక గ్రామం నుంచి వెళ్లిన దళిత యువకుడికి ఆ రోజుల్లో అంతకంటే భద్రమైన కొలువు ఏముంటుంది! కొద్దికాలానికే దాన్ని వదిలేసి మళ్లీ నల్లకోటు వేసుకున్నారు. మరుసటి ఏడాది కాకినాడ కో-ఆపరేటివ్ టౌన్ బ్యాంకు వైస్ చైర్మన్ అయ్యారు. రాజకీయాల్లో ఆయన మొదటి మెట్టు అదే.

రెండో మెట్టు 1987. దాని గురించి కాస్త ఆగి చెప్పాలి. ఎన్టీఆర్ ప్రభుత్వం తాలూకాలు, సమితులు తీసేసి మండలాలు పెట్టింది. మండలాధ్యక్షుణ్ణి, జిల్లా ప్రజా పరిషత్ చైర్మన్‌ని జనమే నేరుగా ఎన్నుకునే పద్ధతి తెచ్చింది. ఇప్పటి పిల్లలకు ఇది వింతగా ఉండొచ్చు. ఇప్పుడు జెడ్పీటీసీలు కలిసి చైర్మన్‌ని ఎన్నుకుంటారు, అప్పుడు జిల్లా మొత్తం ఓటేసింది. అప్పటి తూర్పు గోదావరి అంటే ఎంత జిల్లా! రంపచోడవరం ఏజెన్సీ అందులోనే, జగ్గంపేట మెట్ట అందులోనే, మన డెల్టా అందులోనే. కొండమీద గిరిజనుడికి కావలసింది వేరు, మెట్ట రైతు చెరువు గోడు వేరు, కాలువ శివారున దాళ్వాకి, అంటే రెండో పంటకి, నీళ్లు అందని మనవాళ్ల ఏడుపు వేరు. ఒక్క ప్రాంతం గొంతుతో మాట్లాడి గెలిచే ఎన్నిక కాదది. ముప్పై ఆరేళ్లు నిండకుండానే బాలయోగి గారు ఆ జిల్లాకు చైర్మన్ అయ్యారు.

1991లో అమలాపురం నుంచి లోక్‌సభకు వెళ్లారు. 1996లో అదే జనం ఓడించారు. ఇంటికి పోయి కూర్చోలేదాయన. ముమ్మిడివరం అసెంబ్లీ ఉప ఎన్నికలో నిలబడి గెలిచి, చంద్రబాబు నాయుడు గారి మంత్రివర్గంలో ఉన్నత విద్యాశాఖ మంత్రి అయ్యారు. పార్లమెంటు చూసి వచ్చిన మనిషి ఒక అసెంబ్లీ సెగ్మెంటుకి, అంటే ఇంటింటికీ తిరగాల్సిన చోటికి దిగివచ్చాడు. అదే ఏడాది నవంబర్ 6న తుపాను కోనసీమ మీద విరుచుకుపడింది. వెయ్యి మందికి పైగా పోయారు, లక్షల కొబ్బరి చెట్లు నేలకొరిగాయి. కొబ్బరి చెట్టు పడిపోతే మళ్లీ కాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ చెట్టు మీద రైతు ఒక్కడే బతకడు. దింపు తీసేవాడు, కాయ ఒలిచేవాడు, పీచు ఆడించేవాడు, బండి తోలేవాడు అందరూ దాని మీదే. అలాంటి ఏడాది ఇక్కడ గెలిచిన ఏ నాయకుడి గుమ్మంలోనైనా అన్ని కులాల వాళ్లూ ఒకే వరసలో నిలబడతారు.

రిజర్వుడు నియోజకవర్గం మనిషిని ఎలా మలుస్తుందో ఇక్కడే చెప్పాలి. దీన్ని రాజకీయ విశ్లేషణల్లో ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు, అందుకని నేను కొంచెం విడమర్చి చెబుతాను. అమలాపురం ఎస్సీ రిజర్వుడు సీటు. ఇప్పుడున్న ఏడు సెగ్మెంట్లలో అమలాపురం, రాజోలు, పి.గన్నవరం కూడా ఎస్సీ సీట్లే. ముమ్మిడివరం, కొత్తపేట, రామచంద్రపురం, మండపేట జనరల్. పార్లమెంటుకు పోటీచేసే అభ్యర్థులంతా దళితులే కాబట్టి సొంతవాళ్ల ఓట్లు ఎలాగూ చీలిపోతాయి. గెలుపు ఎవరిదో తేల్చేది కాపులు, శెట్టిబలిజలు, రాజులు, కమ్మవారు, అగ్నికులక్షత్రియులు, ఇంకా మిగతా అందరూ. ఏ ఒక్క వర్గాన్నీ దూరం చేసుకుని ఇక్కడ నెగ్గుకురావడం కష్టం. మధ్యలో నిలబడాలన్న అవసరం అభ్యర్థి గుణం కంటే ముందే ఓటర్ల జాబితాలో ఉంది.

ఇందులో మంచి ఎంతో, ఇరుకూ అంతే ఉంది. 1932 పూనా ఒప్పందంతో ఉమ్మడి నియోజకవర్గాలు వచ్చినప్పటి నుంచీ అంబేడ్కర్ గారు మొత్తుకున్నది ఈ ఇరుకు గురించే. దళిత ప్రతినిధి ఇతరుల ఓట్ల మీద ఆధారపడి గెలిస్తే, ఆ ఇతరుల వల్ల దళితుడికి అన్యాయం జరిగిన రోజున నోరు ఎంత విప్పగలడు? బాలయోగి గారు మొదటిసారి ఎంపీ అయిన 1991లోనే, ఆగస్టు 6న, గుంటూరు జిల్లా చుండూరులో దళితుల ఊచకోత జరిగింది. అంతకు ఆరేళ్ల ముందు కారంచేడులోనూ అలాంటి ఊచకోతే. కోస్తా అంతా ఉద్యమంతో అట్టుడికిపోయిన కాలం అది. దళిత ఉద్యమకారులు ఆనాడు రిజర్వుడు సీట్ల ప్రతినిధులను నిలదీశారు. వాళ్ల ఆగ్రహం న్యాయమైనది. మధ్యేమార్గాన్ని మెచ్చుకునే నాలాంటివాళ్లు ఆ ప్రశ్నను పక్కకు నెట్టకూడదు. మధ్యలో నిలబడ్డ దళిత నాయకుడు అందరికీ చేరువైన మాట నిజం. ఆ చేరువ కోసం అతను మింగిన మాటలు ఎన్నో మనకు ఏ రికార్డులోనూ దొరకవు.

ఇక ఢిల్లీ సంగతి. 1998లో అమలాపురం మళ్లీ ఆయన్ని గెలిపించింది. కేంద్రంలో ఎవరికీ మెజారిటీ లేదు. అంతదాకా యునైటెడ్ ఫ్రంట్ కూటమిలో ఉన్న తెలుగుదేశం తన 12 మంది ఎంపీలతో వాజ్‌పేయి ప్రభుత్వానికి బయటి నుంచి మద్దతు ఇచ్చింది. స్పీకర్ పదవి తెలుగుదేశానికి వచ్చింది. మార్చి 24న బాలయోగి గారు స్పీకర్ అయ్యారు. లోక్‌సభ స్పీకర్ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు ఆయన. ఢిల్లీలో చాలామందికి కొత్త మొహం, సభలో అంతకుముందు గడిపింది ఒక్క టర్మే. కుర్రవాడు, ఈయనేం నెగ్గుకొస్తాడు అన్నవాళ్లే ఎక్కువ.

1999 ఏప్రిల్ 17. జయలలిత గారి పార్టీ మద్దతు తీసేయడంతో వాజ్‌పేయి ప్రభుత్వం విశ్వాస పరీక్షకు నిలబడింది. అంతకు రెండు నెలల ముందే ఒడిశా ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన గిరిధర్ గమాంగ్ గారు ఆ రోజు సభకు వచ్చారు. ఆయన కోరాపుట్ కాంగ్రెస్ ఎంపీ, ఆ పదవికి అప్పటికింకా రాజీనామా ఇవ్వలేదు. ముఖ్యమంత్రి లోక్‌సభలో ఓటేయడమేమిటని అధికార పక్షం అభ్యంతరం చెప్పింది. చూపులన్నీ స్పీకర్ మీదికి తిరిగాయి.

ఆ క్షణంలో ఆయన ముందున్న చట్టం ఏమిటో చూద్దాం. సభ్యుడు కాని వ్యక్తి కూడా ఆరు నెలల పాటు మంత్రిగా, ముఖ్యమంత్రిగా ఉండవచ్చని రాజ్యాంగం 164వ అధికరణం చెబుతుంది. ఒకే మనిషి పార్లమెంటులోనూ, రాష్ట్ర శాసనసభలోనూ సభ్యుడిగా ఉండకూడదని 101వ అధికరణం చెబుతుంది. గమాంగ్ గారు అప్పటికి ఒడిశా శాసనసభకు ఎన్నిక కాలేదు. అంటే ఆయన లోక్‌సభ సభ్యత్వం చెల్లుతూనే ఉంది. ఓటు వేయకూడదని చెప్పే నిబంధన ఏదీ లేదు. మిగిలింది ఔచిత్యం ఒక్కటే. ఆ ఔచిత్యాన్ని బాలయోగి గారు గమాంగ్ గారి విజ్ఞతకే వదిలేశారు. గమాంగ్ గారు ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేశారు. అనుకూలం 269, వ్యతిరేకం 270. ప్రభుత్వం పడిపోయింది.

ఇంకొక్క విషయం గమనించండి. ఆ రోజు తెలుగుదేశం ప్రభుత్వం పక్షాన ఓటేసింది. ఓట్లు సమానంగా వస్తే తప్ప స్పీకర్‌కి ఓటు లేదు. తన పార్టీ నిలబెట్టాలనుకున్న ప్రభుత్వం ఒక్క ఓటుతో కూలుతుంటే ఆ పార్టీ మనిషి కుర్చీలో కూర్చుని అంకెలు చదివి వినిపించాడు. మెత్తదనం వల్ల తప్పించుకున్నాడని కొందరంటారు, ఓటు చెల్లదని తీర్పు ఇచ్చి ఉండాల్సిందని కొందరంటారు. నేను లాయర్ని కాను. అయినా చట్టంలో లేని నిషేధాన్ని తన పక్షానికి అక్కరకొచ్చిన పూట కల్పించే స్పీకర్ కంటే, లేని అధికారం తనకు లేదని ఒప్పుకునే స్పీకర్ సభకు మేలు. ఒక సభ్యుడి ఓటు హక్కును తీసేయడం మాటలా? ఆ రోజు ఆయన మేజిస్ట్రేటు కొలువుకి ఎంపికైన మనిషిలా ప్రవర్తించారు.

ఆ తర్వాత వచ్చిన ఎన్నికల్లో అమలాపురం ఆయన్నే పంపింది. 1999 అక్టోబర్ 22న సభ ఆయన్ని ఏకగ్రీవంగా మళ్లీ స్పీకర్‌ని చేసింది. ఏడాదిన్నర కిందట అనుమానంగా చూసిన పక్షాలు కూడా ఒప్పుకున్నాయంటే, ఆ ఏప్రిల్ 17కి అందులో వాటా ఉందనే నేననుకుంటాను. 2000లో లోక్‌సభకు సభ్యుల నడవడిక చూసే ఎథిక్స్ కమిటీ వేశారు. 2001 నవంబర్‌లో సభలో క్రమశిక్షణ మీద అన్ని పార్టీల నాయకులను, ముఖ్యమంత్రులను పిలిచి సదస్సు పెట్టారు. ఆ డిసెంబర్ 5న 374ఎ నిబంధన వచ్చింది. వెల్‌లోకి, అంటే స్పీకర్ కుర్చీ ముందున్న ఖాళీ జాగాలోకి, దూసుకొచ్చి సభను అడ్డుకునే సభ్యుడి పేరు స్పీకర్ చదివితే వరుసగా ఐదు సిట్టింగులు, లేదా ఆ సెషన్‌లో మిగిలిన రోజులు, ఏది తక్కువైతే అన్నాళ్లు అతను సస్పెండ్ అవుతాడు. మహిళా రిజర్వేషన్ బిల్లు ప్రతులు సభలోనే చిరిగిపోవడం చూసిన స్పీకర్ ఆయన. మెత్తని మనిషి కఠినమైన నిబంధన రాయించుకోవలసి వచ్చింది. ఆ నిబంధన తర్వాతి కాలంలో ప్రతిపక్షాల మీద ఎలా వాడుతున్నారన్నది వేరే చర్చ, తప్పకుండా చేయాల్సిన చర్చ.

2002 మార్చి 3న ఆయన ప్రయాణిస్తున్న హెలికాప్టర్ కైకలూరు దగ్గర చేపల చెరువులో కూలిపోయింది. యాభై ఒకటి నిండలేదు. ఉప ఎన్నికలో ఆయన భార్య విజయకుమారి గారు గెలిచారు. ఎదుర్లంక, యానాం మధ్య గౌతమి మీద కట్టిన వంతెనకు ఆయన పేరే పెట్టారు. అంతకుముందు ఆ రేవులో జనం పంటు మీద దాటేవారు. పురిటి నొప్పుల మనిషిని, పాము కరిచిన మనిషిని కూడా పంటు కోసం ఒడ్డున కూర్చోబెట్టాల్సి వచ్చేదంటే, ఆ వంతెన విలువ లంకల వాళ్లకు ఒకరు చెప్పాలా?

ఇప్పటి రోజుల్లోకి వద్దాం. 2022 మే 24న జిల్లా పేరు మీద రేగిన గొడవలో ఇదే అమలాపురంలో ఒక మంత్రి ఇల్లు, ఒక శాసనసభ్యుడి ఇల్లు తగలబడ్డాయి. జిల్లాకు అంబేడ్కర్ గారి పేరు పెట్టడం ఇంత మంటకు కారణం కావడం మనందరికీ తలవంపులు. ఆ రోజుల్లో నాకు బాలయోగి గారు పదే పదే గుర్తొచ్చారు. రెండు పేటల్లోనూ గడప ఎక్కి కూర్చోగలిగే మనిషి, ఆగండి అంటే రెండు వైపులా ఆగే మనిషి ఆ మధ్యాహ్నం ఒక్కడూ లేకపోయాడు. అన్ని పార్టీల్లోనూ నాయకులు ఉన్నారు. ఎవరి వర్గానికి వాళ్లు నాయకులు.

2019లో బాలయోగి గారి అబ్బాయి హరీష్ మాధుర్ గారు ఇక్కడ ఓడిపోయారు. 2024లో 3 లక్షల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. తండ్రికి మధ్యలో వచ్చిన ఓటమి ఈయనకు ముందే వచ్చింది, అది మంచిదే. నా బెంగ ఆ 3 లక్షల గురించి. అంత మెజారిటీ వచ్చినప్పుడు ఏ పార్టీ మనిషికైనా జనం చెప్పేది వినాల్సిన అగత్యం తగ్గుతుంది. ఓడిపోతానన్న భయం లేనిచోట, ఆ భయం చేయించే పనిని మనం అడిగి చేయించుకోవాలి. 2011లో ఇక్కడి రైతులు సార్వా పంట, అంటే ఖరీఫ్ వరి, వేయకుండా పొలాలు బీడు పెట్టి దేశమంతటికీ తమ గోడు వినిపించారు. అందులో మురుగు డ్రెయిన్ల పూడిక ఒక పెద్ద బాధ. ఆ డ్రెయిన్లు, కొబ్బరి ధర, అంతర్వేది దగ్గర సముద్రం కోత, ఈ మూడింటి మీద మన ఎంపీలు పార్లమెంటులో ఏయే ప్రశ్నలు వేశారో లోక్‌సభ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడవచ్చు. విద్యార్థులు 1991 నుంచి ఇప్పటిదాకా వాటిని పోగుచేస్తే ఒక పట్టికగా వేసి ఇక్కడే చదువుదాం, ఎంపీ గారినీ పిలుద్దాం.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. చుండూరు ప్రస్తావన దగ్గర మూడో వరసలో ఒకాయన చెయ్యెత్తారు, ముందు ఆయన ప్రశ్న వినాలని ఉంది.