ఏమనుకోవద్దు గానీ...

అందరికీ నమస్కారం. పొద్దున కావలిలో రైలెక్కి వచ్చాను, కాస్త ఆలస్యమైంది, ఏమనుకోవద్దు. నేను పనిచేసే కంపెనీ బెంగళూరులో ఉంది, నేను మాత్రం 2020 మార్చిలో లాక్‌డౌన్‌కి వారం ముందు ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని కావలి వచ్చేసి, మళ్లీ పూర్తిగా వెళ్లనేలేదు. మా టీమ్‌లో పదకొండు మందిమి, తలా ఒక ఊళ్లో ఉంటాం. వర్క్ ఫ్రమ్ హోమ్ మీద మాట్లాడమన్నారు. నాకు సిద్ధాంతాలు రావు, నేను చేసిన ఒక తప్పు చెప్తా.

మా టీమ్‌లో ఒక కుర్రాడు, కొండపి దగ్గర పల్లెటూరు. మంచి పనివాడు. ఒక ఫిబ్రవరిలో ఉన్నట్టుండి మారిపోయాడు, పొద్దున మీటింగ్‌లో కెమెరా ఆపేసి కూర్చోవడం, మెసేజ్ పెడితే రెండు గంటలకి గానీ జవాబు రాకపోవడం. నాకు చిర్రెత్తింది. శుక్రవారం సాయంత్రం ఏడింటికి ఇంగ్లిష్‌లో నాలుగు ముక్కలు కొట్టా: సోమవారం పదింటికి నీతో మాట్లాడాలి, అని. ఫోన్ పక్కన పడేసి, చేపల పులుసుతో అన్నం తిని, హాయిగా పడుకున్నా. వాడికి మాత్రం రెండు రోజులు నిద్ర లేదు. సోమవారం తొమ్మిదిన్నరకే ఫోన్ చేశాడు. "అన్నా, నన్ను తీసేస్తున్నారా?"

సంగతేందంటే, వాళ్ల నాన్నకి ఒంట్లో బాలేదు, బ్యారన్‌లో, అంటే పచ్చి ఆకుని వేడితో ఆరబెట్టే గదిలో, పొగాకు ఉంది. పొగాకు ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెప్తున్నా: ఆకు బ్యారన్‌లోకి ఎక్కించాక ఐదారు రోజులు రాత్రీ పగలూ మంట కనిపెట్టుకుని ఉండాలి, వేడి అటూ ఇటూ అయితే ఆకు రంగు పోతుంది, రంగు పోతే వేలంలో రేటు పోతుంది, ఒక్కోసారి ఆ బేలుని, అంటే ఆ ఆకు కట్టని, ఎవరూ పాడనే పాడరు. వీడు రాత్రంతా కట్టెలేసి, పొద్దున ఆ మొహంతోనే మీటింగ్‌కి వచ్చేవాడు. కెమెరా అందుకే ఆపేవాడు. అదే ఆఫీసులో పక్క కుర్చీలో ఉంటే కళ్లు చూసి టీకి తీసుకెళ్లి, ఏందబ్బా అని అడిగుండేవాణ్ని.

వాడూ చెప్పలేదు, నిజమే. కానీ పైవాడు అడగందే కిందివాడు ఇంటి సంగతి చెప్పుకోవడం ఎంత కష్టమో మీకు తెలీదా?

తర్వాత కూర్చుని ఆలోచించా, అదే మాట వాడి ఎదురుగా నిలబడి తెలుగులో అయితే ఎలా అనేవాణ్ని అని. "ఏమనుకోవద్దు గానీ, ఈ మధ్య కాస్త డల్‌గా ఉన్నావు, ఇంట్లో అంతా బాగేనా?" ఆ ఏమనుకోవద్దు, ఆ కాస్త, మనకంటే పెద్దవాళ్లయితే అండి, గారు, ఇవన్నీ ఇంగ్లిష్ చాట్‌లోకి అడుగు పెట్టేటప్పుడు చెప్పుల్లాగా గుమ్మం బయటే వదిలేస్తాం. లోపల మిగిలేది "నోటెడ్". లేదా "ఓకే", దాని పక్కన ఒక చుక్క. ఆ చుక్క చూసి అవతలివాడికి బీపీ.

2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ అనే సైకాలజీ పరిశోధకులు, మరో ఇద్దరు కలిసి ఒక అధ్యయనం అచ్చేశారు. కొన్ని వాక్యాలు వెటకారంగా, కొన్ని మామూలుగా పంపించి, అవతలివాళ్లు ఏది ఏదో పట్టుకుంటారా అని చూశారు. 78 శాతం పట్టుకుంటారని పంపినవాళ్ల ధీమా. ఈమెయిల్లో పట్టుకున్నది 56 శాతమే, అంటే బొమ్మాబొరుసూ వేసినట్టే. గొంతు వినిపిస్తే 73. అందుకే నేను వీడియో కోసం కూడా పట్టుబట్టను, పల్లెల్లో సిగ్నల్ సంగతి తెలిసిందే కదా, మామూలు ఫోన్ చాలు.

అలాగని మర్యాద ఎక్కువైతే అదింకో జబ్బు. నాకు తెలిసిన ఒక మేనేజర్ ఒకమ్మాయికి పని బాలేదని చెప్పడానికి ఫోన్ చేసి, ముప్పావుగంట కుశల ప్రశ్నలేసి, ఆ ఒక్క ముక్కా చెప్పకుండానే పెట్టేశాడు. ఆ అమ్మాయికి సంగతి తెలిసింది అప్రైజల్ కాగితంలో.

తిక్కన గారి ఊరు నెల్లూరులో నిలబడి చెప్తున్నా కాబట్టి ఒక మాట. ఇక్కడి రాజు మనుమసిద్ధి రాజ్యం పోగొట్టుకున్నప్పుడు, ఆయన మంత్రి తిక్కన ఓరుగల్లు దాకా స్వయంగా వెళ్లి కాకతీయ రాజు గణపతిదేవుణ్ని సాయం అడిగాడని చెప్పుకుంటాం. కబురు పంపి ఊరుకోలేదు. మనకి ఆ ప్రయాణం కూడా అక్కర్లేదు, ఒక బటన్ నొక్కాలి, అదే బద్ధకం.

ఇప్పుడు నేను చేసేది చిన్న పని. మాట్లాడాలి అని మెసేజ్ పెడితే దేని గురించో అందులోనే రాస్తా: "వచ్చే నెల లీవుల గురించి, కంగారేం లేదు." కంగారు పడాల్సిన సంగతే అయితే మెసేజే పెట్టను, ఫోన్ చేస్తా. శుక్రవారం సాయంత్రం మాత్రం చెయ్యను.

ఇంత చేసినా, పోయినేడు ఇద్దర్ని తీసేయాల్సొచ్చింది. మెయిల్ పంపితే చాలన్నారు పైనుంచి. నేను ఫోన్ చేశా. ఒకాయన పది నిమిషాలు తిట్టాడు, అది నయం. రెండో ఆవిడ ఏమీ మాట్లాడలేదు, వెనకాల కుక్కర్ విజిల్ వినిపిస్తోంది, కాసేపటికి "సరేనండి" అని పెట్టేసింది. ఆ ఫోన్ ఎలా చేసుండాల్సిందో నాకిప్పటికీ తెలీదు. మీలో అలాంటి ఫోన్ అందుకున్నవాళ్లుంటే, ప్రశ్నలప్పుడు ముందు మీరు లేవండి.